మార్కులు లేని ప్రశ్నపత్రము



బల్మూరులో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఒక తండ్రి మా కోసం ఆగాడు. ఆయన కుమార్తె పట్టణంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నది. “కాలేజీల పిల్లలందరికీ ఏదో కాగితమిచ్చిండ్రంట అయ్యగారూ. మనసు గురించి ప్రశ్నలంట. మా బిడ్డను మల్లొకసారి రమ్మన్నరు. పిచ్చి అని ముద్ర ఏస్తరా? రేపు సంబంధాలొస్తయా?” అని అడిగాడు. ఈ భయము మరికొన్ని గృహములలోనూ ఉండవచ్చును గనుక ఈ నెల ఆ కాగితమును గూర్చి మాట్లాడుకుందాము.

ఇది కొత్త పద్ధతి కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, మానసికంగా కుంగిపోగల సైనికులను ముందే గుర్తించాలని అమెరికాలో వుడ్‌వర్త్ అనే శాస్త్రవేత్త ‘అవును–కాదు’ ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశాడు. అది సిద్ధమయ్యేసరికి యుద్ధమే ముగిసింది. తరువాత అటువంటి పట్టికలు కళాశాలలకు వచ్చాయి. అవి మనిషి స్వభావమును అడిగేవి. నేడు విరివిగా వాడుతున్న పి.హెచ్.క్యు.-9 అనే పత్రము గడచిన రెండు వారాలను మాత్రమే అడుగుతుంది: నిద్ర పట్టిందా, ఆకలి వేసిందా, పనిలో ఆసక్తి ఉన్నదా అని. తొమ్మిది ప్రశ్నలు. ఒక్కొక్కదానికి 0 నుండి 3 వరకు అంకె. మొత్తం 27లో 10 గానీ అంతకు మించి గానీ వస్తే నిపుణులు ఆ విద్యార్థితో మాట్లాడాలి.

అయితే అది రోగనిర్ణయము కాదు. 2001లో ప్రచురించిన పరిశోధనలో ఈ పత్రము నిజంగా కుంగుదల ఉన్న నూరుగురిలో 88 మందిని పట్టుకున్నది. లేనివారిలో నూటికి 12 మందిని పొరపాటున ఉన్నట్టు చూపింది. లెక్క వేసి చూడండి. వందమంది ఉన్న తరగతిలో పదిమందికి ఆ బాధ ఉన్నదనుకుందాము. పత్రము వారిలో తొమ్మిదిమందిని చూపుతుంది. బాధ లేని పదకొండుమందిని కూడా చూపుతుంది. అంటే పిలుపు వచ్చిన ఇరవైమందిలో సగానికి పైగా ఆ జబ్బు లేనివారే. కాబట్టి ఆ పిలుపు ముద్ర కాదు, తలుపు తట్టడము.

తొమ్మిదవ ప్రశ్న మాత్రము వేరు. చనిపోతే బాగుండును, హాని చేసుకుందును అనే తలంపులు వచ్చాయా అని అది అడుగుతుంది. మొత్తం ఎంత తక్కువ వచ్చినా, ఆ ఒక్కదానికి ‘వచ్చాయి’ అని వ్రాసిన బిడ్డతో ఆ రోజే ఎవరైనా కూర్చోవాలి. ధైర్యము చేసి నిజము వ్రాసిన తరువాత ఆ కాగితము బీరువాలోకి పోతే, అడగకపోవడముకన్న అది ఘోరము.

2023లో విశాఖపట్నంలో శిక్షణ కొరకు వచ్చిన 17 ఏండ్ల విద్యార్థిని మరణించింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పిస్తూ, 100 మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హతగల సలహాదారు ఉండాలని ఆదేశించింది. తల్లిదండ్రులారా, చేర్పించేటప్పుడు ఫీజుతోపాటు ఇది కూడా అడగండి: “ఈ కాగితాలు ఎవరు చదువుతారు? ఎవరికి చూపుతారు?” మానసిక ఆరోగ్య వివరాలను గోప్యంగా ఉంచుకొనే హక్కు 2017 చట్టము ఇచ్చింది. జవాబులు నోటీసు బోర్డు ఎక్కుతాయని తెలిస్తే ఏ బిడ్డా నిజము వ్రాయదు.

“విశ్వాసులకు కుంగుదల ఏమిటి?” అనేవారు మనలోనే ఉన్నారు. ఏలీయా బదరీ వృక్షము క్రింద పడుకొని మరణము కోరుకున్నాడు (1 రాజులు 19). దేవుడు అతనిని గద్దించలేదు. ముందు రొట్టె, నీళ్ళు ఇచ్చి నిద్రపోనిచ్చాడు. ఆ తరువాతనే ప్రశ్న అడిగాడు. అదే ప్రశ్న రెండుసార్లు అడిగి, రెండుసార్లూ జవాబు పూర్తిగా విన్నాడు.

ఆ తండ్రితో మేము చెప్పినది ఇంతే: “సాయంత్రము బిడ్డకు ఫోన్ చేయండి. మార్కులు అడగకండి. తిన్నావా, నిద్ర పడుతున్నదా అని అడిగి, ఆమె చెప్పినంతసేపూ వినండి. మళ్ళీ రమ్మన్నచోటికి తప్పక వెళ్ళమనండి.” తోడు కావలసిన వారికి ప్రభుత్వపు టెలీ మానస్ 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చును.

పరీక్షించువాడు దేవుడు. వినవలసినవారము మనము.