ఎడమ కన్ను కాస్త తెరవండి సార్!

ప్రెస్ కార్డు కోసం మొన్న ఫోటో స్టూడియోకి వెళ్లాను. ఫోటోగ్రాఫర్ కెమెరా మీంచి తలెత్తి, "సార్, ఎడమ కన్ను కాస్త తెరవండి" అన్నాడు.

"తెరిచే ఉందయ్యా!" అన్నాను.

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడితే నిజమే, ఎడమ రెప్ప అగ్గిపుల్ల మందాన కిందికి వాలి ఉంది. నేనేమీ హీరో అవబోవడం లేదు గానీ, గుబులు గుబులే కదా!

మర్నాడు కంటి డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: "ఎప్పట్నుంచి?" తెలీదన్నాను. "అయితే పాత ఫోటోలు పట్రండి" అన్నారు. అయిదో క్లాసు గ్రూపు ఫోటో చూపించాను. అందులో బుడ్డోడి ఎడమ కన్ను అప్పటికే కునికిపాట్లు పడుతోంది! "పుట్టుకతో ఉన్నదే. చూపుకి అడ్డం రావట్లేదు, హాయిగా ఉండండి" అన్నారాయన.

దీన్ని టోసిస్ అంటారు. రెప్పని పైకెత్తే కండరం పుట్టుకతోనే బలహీనంగా ఉండొచ్చు, వయసుతో పట్టు సడలొచ్చు, నరం దెబ్బతినొచ్చు. హాలీవుడ్ నటుడు ఫారెస్ట్ విటేకర్ ఎడమ రెప్ప ఇలా వాలిందే. ఆ కన్నుతోనే 'ది లాస్ట్ కింగ్ ఆఫ్ స్కాట్లండ్'లో ఇడీ అమీన్‌గా హడలెత్తించి, 2007లో ఉత్తమ నటుడిగా ఆస్కార్ పట్టుకుపోయాడు!

అలాగని అన్ని రెప్పల్నీ తేలిగ్గా వదిలెయ్యకూడదు. పసిపిల్లల్లో రెప్ప కనుపాపని కప్పేస్తే ఆ కంటికి చూపు సరిగా అలవడదు, ఆలస్యం పనికిరాదు. పొద్దున్న బాగుండి సాయంత్రానికి వాలుతుంటే మయస్తీనియా గ్రేవిస్ కావచ్చు. నరం చెప్పిన మాట కండరానికి సరిగా అందని జబ్బు అది. 1982 నాటి 'కూలీ' ప్రమాదం తర్వాత కొన్నాళ్లకి అమితాబ్ బచ్చన్‌కి వచ్చింది ఇదే. మందులున్నాయి. ఆయన మళ్లీ ఎన్ని సినిమాలు చేశారో మీకు నేను చెప్పాలా? ఇక రెప్ప హఠాత్తుగా వాలి, తీవ్రమైన తలనొప్పి వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, ఒక కనుపాప పెద్దదైనా, మాట తడబడినా మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తండి.

అవసరమైతే ఆపరేషన్ ఉంది. కండరాన్ని బిగిస్తారు. అది మరీ బలహీనమైతే రెప్పని నుదుటి కండరానికి తగిలిస్తారు. అయితే రెండు కళ్లూ అచ్చుగుద్దినట్టు వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొందరికి నిద్రలో కన్ను పూర్తిగా మూతపడక పొడిబారుతుంది కూడా. నూనె మర్దనాలూ, చిట్కాలూ నమ్మి డబ్బు తగలేసుకోకండి.

కాబట్టి అద్దం చూసి బెంగపడేముందు పాత ఆల్బం తియ్యండి. ఎప్పట్నుంచో చూసుకోండి. అనుమానముంటే అదే ఆల్బం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నిన్న మళ్లీ స్టూడియోకి వెళ్లాను. "సార్, ఎడమ కన్ను..." అంటూ మొదలెట్టాడు.

"దాన్నలాగే రానీవోయ్, అయిదో క్లాసు నించీ నాతోనే ఉంది" అన్నాను.