బ్యాటరీ నెంతవఱకు నింపవలెను?

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారును కొన్నవారిని రెండు భయములు వెంటాడుచున్నవి. ప్రతిరాత్రియు బ్యాటరీని నిండుగ ఛార్జి చేసినచో నది త్వరలో చెడునేమో యనునది మొదటిది. చేయకున్నచో మఱునాడు సగము దారిలోనే పెట్రోలు మండింపవలసివచ్చునే యనునది రెండవది. నూటికి 80 పాళ్లు మించరాదని యొకరును, నిండుగ నింపినగాని ప్రయోజనము లేదని వేఱొకరును బోధించుచున్నారు. ఉభయుల మాటలలోను సత్యము కలదు. కాని యే బండి, యే రసాయనము, యే యెండ యని విచారింపక యిచ్చెడు సలహావలన నష్టపడువాడు కొన్నవాడే.

80 పాళ్ల నియమము నిరాధారమైనది కాదు. 1991లో సోనీ సంస్థ విక్రయమునకు దెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీయందు నాటికిని నేటికిని స్వభావ మొక్కటే. అది నిండినకొలది లోపలి వోల్టేజి హెచ్చును. ఆ స్థితిలో ధనధ్రువమునకును, దానిని దడుపు ద్రావణమునకును నడుమ అక్కఱలేని చర్యలు సాగును. ఋణధ్రువముపై బేరుకొను పొర మందమై కొంత లిథియమును మరల రానీయక బంధించును. వేడి తోడైనచో నీ క్షయము వేగిరపడును. 2012లో అమెరికాలోని ఆరిజోనా యెండలకు నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలు సామర్థ్యమును గోల్పోవుచున్నవని యజమానులు మొఱవెట్టిన సంగతి పెక్కండ్రకు జ్ఞాపకముండును. లీఫ్ కేవల విద్యుత్కారు. దాని బ్యాటరీని జల్లార్చు ద్రవప్రసారము దానికి లేకుండెను. పిమ్మట ఆ సంస్థ బ్యాటరీ సామర్థ్యమునకే ప్రత్యేకముగ హామీ నీయవలసివచ్చెను.

2010 డిసెంబరులో అమెరికాలో వెలువడిన షెవ్రొలే వోల్ట్ కథ వేఱు. దాని బ్యాటరీ సామర్థ్యము 16 కిలోవాట్-గంటలు. కాని నిర్మాతలు వాడుకకు విడిచినది సుమారు 10 మాత్రమే. తక్కినది పైనను క్రిందను యజమాని చేతికందకుండ నిలిపియుంచిరి. పలకపై 'నిండినది' యని కనుపించినపుడు నిజముగ లోపల నిండియుండదు. దానికి ద్రవముతో జల్లార్చు నేర్పాటును, 8 సంవత్సరముల లేక 1,00,000 మైళ్ల హామీయు నుండెను. ఇట్టి బండియందు మరల 80 పాళ్లకు నిలుపుట, ఇంటివాడు వేసిన తాళముపై అద్దెకున్నవాడు వేఱొక తాళము వేయుటవంటిది. నిర్మాత లుంచు నీ మినహాయింపు అన్ని బండ్లకు నొక్కరీతి నుండదనుట సత్యమే. హైబ్రిడ్ బ్యాటరీ చిన్నదగుటచే దినమున కొకసారి పూర్తిగ ఖాళీయై నిండుచుండును. 8 ఏండ్లకు 2,920 సారులు. పెద్ద విద్యుత్కారున కీ శ్రమ లేదు. అందుచేతనే మినహాయింపు హైబ్రిడ్ బండికి మఱింత యవసరము.

బ్యాటరీని గాపాడుటయందలి యత్యాదరము పెట్రోలు ఖర్చుగ బరిణమించుచున్నదని మా యభిప్రాయము. ఐరోపా కమిషను 2024లో ప్రకటించిన నివేదికనుబట్టి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లు రోడ్డుపై వెలువరించు బొగ్గుపులుసు వాయువు, పరీక్షాశాల లెక్కకు సగటున మూడున్నర రెట్లు. వానిని తలంచినంత తఱచుగ ఛార్జి చేయకుండుటయు, విద్యుత్తుతో నడుపకుండుటయు దీనికి ముఖ్యకారణములు. తీగ తగిలింపని హైబ్రిడ్ కారు బరువైన పెట్రోలు కారు మాత్రమే.

బి.వై.డి. సంస్థ హైబ్రిడ్ కార్లలో వాడు లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీల మాట వేఱు. వాని వోల్టేజి చాల దూరము సమముగ నుండుటచే లోపల నెంత మిగిలెనో యంత్రము సరిగ లెక్కింపజాలదు. అప్పుడప్పుడు పూర్తిగ నింపినగాని లెక్క కుదురదు. 80 పాళ్ల నియమమును గ్రుడ్డిగ బాటించువా డిట దారిలో మోసపోవచ్చును.

కావున దినదినము దూరము పోవువారు నిండుగనే నింపుకొనవలెను. బయలుదేఱు వేళకు నిండునట్లు గడియారము నమర్చుకొనుట మేలు. కొద్దిమైళ్లే పోవువారికి 80 చాలును. వారముల తరబడి బండిని నిలుపువారు సగము నింపి నీడను విడువవలెను. 2022లో క్రిస్లర్ పసిఫికా హైబ్రిడ్ బండ్ల విషయమున జరిగినట్లు, అగ్నిభయముచే ఛార్జి చేయవలదని నిర్మాతయే యాజ్ఞాపించినపుడు దానిని దప్పక శిరసావహింపవలెను.

మన దేశమున నిట్టి కార్లు ధనికుల యిండ్లముందే కాననగును. ఐనను లిథియం బ్యాటరీల స్కూటర్లు మన వీథులలో నిండియున్నవి. విజయవాడ వేసవి ఆరిజోనాకు చుట్టమే. అందుచే నిర్మాతల నొకటి యడుగక తప్పదు. బ్యాటరీ మొత్తమెంత, వాడుకకు విడిచిన దెంత యని కొనుగోలు పత్రముపై నచ్చువేయవలెను. ఎంతవఱకు నింపుకొనవలెనో నిర్ణయించు మీట యజమాని చేతి కీయవలెను. అట్టి మీట లీఫ్ కారునకు నుండెను. అమెరికా ప్రభుత్వము 2013 బండికి నిండు ఛార్జి దూరము 84 మైళ్లను, 80 పాళ్ల దూరము 66 మైళ్లను సగటు చేసి 75 అని చీటీపై వ్రాసెను. 2014 నమూనాలో నా దేశమున మీటయే పోయెను. చీటీపై 84 వచ్చెను.