ఫోన్ జూదం మన తొందరను లెక్క కడుతోంది! మన లెక్క మనమే ముందు కట్టుకుందాం!

అలియాబాద్ ప్రజలకు విజ్ఞప్తి

అమ్మలారా, అయ్యలారా! కంపెనీ షిఫ్టులకు పోయే అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా! కాలేజీ తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

పైసలు పెట్టి ఆడే ఫోన్ ఆటలు, ఏడు రోజుల యాప్ అప్పులు మన ఇండ్లలోకి వచ్చి కూర్చున్నాయి. తుర్కపల్లి కంపెనీల్లో నెలంతా నిలబడి సంపాదించిన జీతం, భూమి అమ్మి బిడ్డ పెండ్లికని దాచిన సొమ్ము ఒక్క రాత్రిలో ఫోన్‌లోంచే పోవచ్చు. పోయాక మనం ఏం చేస్తున్నాం? "వీడికి బుద్ధి లేదు, వీడు బాగుపడడు" అని తిట్టి తలుపు వేసుకుంటున్నాం. తిట్లు తిన్న పిలగాడు పోయింది రాబట్టాలని అదే రాత్రి మళ్లీ ఆడుతున్నాడు.

మేం చెప్పదలచింది ఒక్కటే. దుడుకుతనం అందరిలో ఒకే తీరుగా ఉండదు. అందులో రకాలున్నాయి. ఆ రకాలను విడదీసి చూపే కొలతలు మనస్తత్వ శాస్త్రం దగ్గర అరవై ఏండ్లకు పైగా ఉన్నాయి. శామీర్‌పేట చెరువు కట్టకు గండి ఎక్కడ పడిందో చూడకుండా కట్ట పొడుగునా మట్టి పోస్తే నీళ్లు ఆగుతాయా? పిల్లల విషయంలో మనం ఇన్నాళ్లూ చేస్తున్నది అదే. ఇక చాలు. ముందు గండి ఎక్కడుందో చూద్దాం.

చట్టం ఆటను చూసింది, ఆడే చేతిని మనం చూడాలి

పైసల ఆట నేర్పా, అదృష్టమా అన్న తగువు మన దగ్గర పాతదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో పైసలకు రమ్మీ ఆడుతున్నారని పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాటకు అదృష్టమే ఆధారం. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అందులో నేర్పుదే పైచేయి అని కోర్టు అన్నది. దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఈ తీర్పునే చూపించి దుకాణం తెరిచాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ముందు ఆర్డినెన్సు తెచ్చి, ఆ తర్వాత 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆ దారి మూసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. పైసల ఆన్‌లైన్ ఆట నడిపినవాళ్లకు 3 ఏండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. దానికి ప్రచారం చేసినవాళ్లకు 2 ఏండ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆడి మోసపోయినవాడిని మాత్రం ఆ చట్టం నేరస్తుడిగా చూడదు. ఈ మాట ప్రతి తల్లికీ తెలియాలి. సాయం అడగడానికి భయపడే పని లేదు.

చట్టాలు కావలసిందే. అయితే ఇన్నేండ్ల వాదమంతా ఆట చుట్టే తిరిగింది: ఇది నేర్పా, అదృష్టమా? అర్ధరాత్రి రెండింటికి ఆ చేయి ఎందుకు ఆగలేదని అడిగేది ఇంటివాళ్లం మనమే. ఒక యాప్ మూతపడితే ఇంకో పేరుతో, ఇంకో లింకుతో దిగుతోంది. నువ్వు ఏ గంటకు తెరుస్తున్నావో, ఓడిన ఎన్ని నిమిషాలకు మళ్లీ పైసలు వేస్తున్నావో, ఏ బోనస్‌కు లొంగుతున్నావో ప్రతి నొక్కుడూ వాళ్ల కంప్యూటర్లలో నమోదవుతోంది. మన బిడ్డ బలహీనత బయటివాడికి తెలుసు, ఇంట్లో మనకు తెలియదు. ఈ తేడా పోవాలి.

దుడుకుతనంలో ఐదు దారులు

అమెరికాలో ఎర్నెస్ట్ బారాట్ అనే శాస్త్రవేత్త 1959లోనే దుడుకుతనాన్ని కొలిచే ప్రశ్నావళి మొదలుపెట్టాడు. 1995లో వచ్చిన దాని 11వ రూపంలో 30 వాక్యాలున్నాయి. ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు, మొత్తం 30 నుంచి 120 లోపు. మొత్తం కన్నా వాటాలు ముఖ్యం: మనసు నిలవనివారెవరు, ఆలోచించకముందే చేసేసేవారెవరు, రేపటి లెక్క లేనివారెవరు అన్నది విడివిడిగా బయటపడుతుంది. 2001లో వైట్‌సైడ్, లైనమ్ అనే ఇద్దరు మనిషి స్వభావాన్ని ఐదు పెద్ద గుణాలుగా చూసే పద్ధతిని ఆధారం చేసుకుని దుడుకుతనాన్ని నాలుగు పాయలుగా విడదీశారు. తర్వాతి పరిశోధకులు ఐదోది కలిపారు. ఈ ఐదూ మన ఇండ్లలో ఎట్లా కనబడతాయో, ఒక్కోదానికి కట్టడి ఏమిటో చదవండి.

ఒకటి, బాధలో దుడుకు. మామూలప్పుడు నెమ్మదిగానే ఉంటాడు. సూపర్‌వైజర్ తిట్టినా, ఇంట్లో గొడవైనా, అప్పులోడు ఫోన్ చేసినా చేయి యాప్ మీదికి పోతుంది. జూదం తెచ్చే కష్టాలతో బలంగా ముడిపడినట్టు పలు అధ్యయనాల్లో కనబడింది ఈ రకమే. వీడిని తిడితే మంటలో కిరోసిన్ పోసినట్టే. బాధ చెప్పుకునే మనిషి కావాలి. గొడవైన రాత్రి ఫోన్ అమ్మ దగ్గరో అన్న దగ్గరో ఉండాలి.

రెండు, సంబరంలో దుడుకు. జీతం పడ్డ రోజు, ఐపీఎల్ మ్యాచ్ గెలిచిన రాత్రి, దోస్తుల దావత్‌లో చేయి ఆగదు. 500 గెలిస్తే 5,000 పెడతాడు. జీతం పడ్డ పూటే కిరాయి, ఫీజు, చిట్టీ కట్టేయాలి. ఆ రోజు ఖాతాలో మిగులు ఉండకూడదు.

మూడు, ముందూవెనకా చూడకపోవడం. షరతులు చదవడు, లెక్క వేయడు, ఎవరినీ అడగడు. వీడికి ఒక నియమం చాలు: వెయ్యి రూపాయలు దాటే ఏ చెల్లింపైనా తెల్లారి, ఇంట్లో ఒకరికి చెప్పాకే.

నాలుగు, పట్టు నిలవకపోవడం. ఐటీఐ సగంలో వదిలాడు, డ్రైవింగ్ నేర్చుకోవడం సగంలో ఆపాడు, విసుగు పుట్టగానే ఫోన్ తీస్తాడు. పెద్ద ఉపన్యాసాలు వద్దు. పనిని వారానికి ఒక ముక్కగా కోసి ఇవ్వండి. ముగించిన ప్రతి ముక్కనూ గుర్తించండి.

ఐదు, థ్రిల్లు కోరిక. రాజీవ్ రహదారి మీద బండి వేగం, కొత్తది ఏదైనా ముందు తనే చూడాలన్న తపన. ఇది పాపం కాదు. కబడ్డీ, క్రికెట్, ఈత, పోలీసు, ఆర్మీ ఉద్యోగాల శిక్షణ ఈ పిల్లలకు సరైన చోట్లు. ఆడుకునే మైదానం లేని ఊరు ఈ కోరికను ఫోన్‌కు అప్పగిస్తుంది.

చేతలతో కొలిచే పరీక్షలు మనకేం చెబుతున్నాయి

ప్రశ్నలకు జవాబులు రాయించడమే కాదు, చేతలనూ కొలుస్తారు. తెర మీద గుర్తు కనబడగానే మీట నొక్కాలి, మధ్యలో ఎప్పుడో ఆపమని సంకేతం వస్తే చేయి ఆపాలి. 1984లో లోగన్, కోవన్ ఈ పరీక్షకు లెక్క కట్టే పద్ధతి ఇచ్చారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కదిలిన చేయి ఆపుకోవడానికి పట్టే సమయం సెకనులో పావు వంతుకు అటూఇటూ. యాప్‌లలోని ఒక్క నొక్కు చెల్లింపు చేయి ఆపుకునే సమయం దాదాపు మిగలనీయదు. కోరికకూ చెల్లింపుకూ మధ్య సమయం పెంచడమే మన ఆయుధం.

1994లో అమెరికాలోని అయోవా పరిశోధకులు నాలుగు పేకకట్టలతో ఇంకో పరీక్ష పెట్టారు. రెండు కట్టల్లో ముక్క తీసినప్పుడల్లా 100 డాలర్లు వస్తాయి, కానీ పది ముక్కలు తీసేసరికి మొత్తం మీద 250 నష్టం. మిగతా రెండింటిలో ముక్కకు 50 మాత్రమే, పది ముక్కలకు 250 లాభం. చాలామంది కొంతసేపు నష్టపోయి చిన్న లాభం కట్టల వైపు మళ్లారు. మెదడు ముందు భాగంలో ఒకచోట దెబ్బతిన్నవాళ్లు నష్టం కళ్లారా చూస్తూ కూడా 100 డాలర్ల కట్టల్లోంచే తీశారు. వాళ్ల తెలివితేటలు తగ్గలేదు. తెలివి ఉన్నా చేయి ఆగకపోవచ్చని ఈ పరీక్ష తేల్చింది. కాబట్టి "ఇంత చదివి ఈ పనేంటి?" అనే ప్రశ్నతో ఎవరినీ మార్చలేం.

మూడో కొలత ఓపికది. ఇవాళ 500 కావాలా, నెలాగితే 1,000 కావాలా? ఇట్లాంటి 27 ప్రశ్నలతో ఒక పట్టీ 1999 నుంచి వాడుకలో ఉంది. రేపటి రూపాయి మన మనసులో ఎంత వేగంగా విలువ పోగొట్టుకుంటుందో అది చెబుతుంది. యాప్ అప్పు బతికేది ఇక్కడే. 5,000 అప్పని చెప్పి, కోతలు పోను 3,500 చేతికిచ్చి, ఏడో రోజు 5,000 కట్టమన్నాడనుకోండి. వందకు వారానికి దాదాపు 43 రూపాయల వడ్డీ! ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకే మనం పదిసార్లు ఆలోచిస్తాం. 2020 డిసెంబరులో ఈ యాప్ అప్పుల వేధింపులకు మన రాష్ట్రంలో ప్రాణాలు పోయాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద పడి అరెస్టులు చేశారు.

మార్కులతో ఎవరి మీదా ముద్ర వేయొద్దు

జాగ్రత్త! కాగితం మీద ప్రశ్నల్లో వచ్చిన మార్కుకూ, చేతల పరీక్షలో వచ్చిన మార్కుకూ పొంతన చాలా తక్కువని పలు పరిశోధనలు కలిపి చూసిన లెక్క 2011లో తేల్చింది. ఒక్క పరీక్ష చూసి పెండ్లి సంబంధం చెడగొట్టడం, ఉద్యోగం ఇవ్వకపోవడం అన్యాయం.

ఇంకో సత్యం మన దక్షిణాది నుంచే వచ్చింది. తమిళనాడులో 54 ఊళ్ల 464 మంది చెరకు రైతుల ఆలోచనా శక్తిని కోతకు ముందు ఒకసారి, పైసలు చేతికొచ్చాక ఒకసారి పరీక్షించి ఫలితాలు 2013లో ప్రకటించారు. అదే రైతు, అదే బుర్ర. చేతిలో పైసలు లేనప్పుడు మార్కులు తగ్గాయి, వచ్చాక పెరిగాయి. మన కాంట్రాక్టు కార్మికుడు నెలాఖరున వేసే తప్పు అడుగులో జీతం ఆలస్యం వాటా కూడా ఉంది. అదే ఏడాది అమెరికాలో వచ్చిన మరో అధ్యయనంలో, పెద్దవాళ్లు మాట నిలబెట్టుకోవడం చూసిన చిన్నపిల్లలు రెండో మిఠాయి కోసం సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పడం చూసిన పిల్లలు 3 నిమిషాలకే తినేశారు. పిల్లల ఓపిక పెద్దల మాట మీద నిలబడుతుంది.

ఇవాళే మొదలుపెట్టండి

1. ఇంటిల్లిపాదీ కూర్చోండి. పై ఐదు దారుల్లో తనది ఏదో ఎవరికి వారే చెప్పాలి. తండ్రి ముందు చెప్పాలి. తాగుడు, చీట్లాట, లాటరీ అన్నీ లెక్కలోకి వస్తాయి.

2. జీతం పడే ఖాతాకూ ఫోన్ చెల్లింపుకూ లంకె తీసేయండి. రోజు ఖర్చుకు వేరే చిన్న ఖాతా పెట్టుకోండి. బ్యాంకు యాప్‌లో రోజువారీ పరిమితి తగ్గించండి.

3. ఈ ప్రశ్నలు నిజాయితీగా వేసుకోండి: పోయింది రాబట్టాలని మళ్లీ ఆడానా? ఎంత పోయిందో ఇంట్లో అబద్ధం చెప్పానా? ఆపాలని చూసి ఆపలేకపోయానా? బాధలో ఆడానా? పైసలు సరిపోక ఇంకొకరి మీద ఆధారపడ్డానా? మానసిక వైద్యులు 9 లక్షణాలు చూస్తారు. 12 నెలల్లో కనీసం 4 కనబడితే అది జబ్బు. 2013 నుంచి వైద్యులు దీన్ని తాగుడు, డ్రగ్స్ వంటి వ్యసనాల వరసలోనే పెట్టారు. ఆ నిర్ణయం వైద్యుడిదే, మనది కాదు.

4. 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి పోవడం సిగ్గుపడే పని కాదు. చచ్చిపోవాలన్న మాట ఎవరి నోట వచ్చినా ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, వెంటనే ఫోన్ చేయండి.

5. యాప్ అప్పులోడు బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. రిజర్వు బ్యాంకు గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన డిజిటల్ అప్పైతే, కనీసం ఒక రోజు గడువులో జరిమానా లేకుండా తిరిగి ఇచ్చేసే హక్కు మీకుంది.

ఊరంతా కలిసి అడుగుదాం

మన బడుల్లో, కాలేజీల్లో ఏడాదికోసారి ఈ ఐదు దారుల మీద పాఠం జరగాలి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నెలకు కొన్ని రోజులైనా శిక్షణ పొందిన కౌన్సెలర్ రావాలి. పిల్లలకు మైదానం కావాలి. కంపెనీలు, కాంట్రాక్టర్లు చెప్పిన తారీఖుకు జీతం వేయాలి. మన పక్కనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, బిట్స్ పిలానీ ఉంది. చట్టం తెలిసినవాళ్లనూ ఫోన్ మర్మం తెలిసినవాళ్లనూ మన గల్లీకి పిలుద్దాం. ఈ కోరికలతో పెట్టే అర్జీ మీద ప్రతి ఇంటి నుంచి ఒక సంతకం కావాలి. కాగితం మీ వాకిట్లోకి వస్తుంది. చదివి, ఇష్టమైతేనే చేయండి.

తిట్లతో ఏ బిడ్డా మారలేదు, కొలిచి కట్టడి వేద్దాం!
జూదం ఆడించేవాడు నేరస్తుడు, చిక్కినవాడు మన పిలగాడు!
ఇంటింటా మాట్లాడుదాం, ఊరంతా నిలబడదాం!

ఇట్లు,
అలియాబాద్ తల్లిదండ్రులు, కార్మికులు, విద్యార్థులు