లేబర్ అంటే ఎవరు?

ఇంగ్లీషు నుంచి వచ్చి మన నోళ్ళలో తెలుగు మాటలైపోయిన వాటిలో 'లేబర్' ఒకటి. దాన్ని వాడటానికి ఎవరికీ ఇంగ్లీషు రానక్కర్లేదు. తాపీమేస్త్రీ ఇంటి లెక్క చెబుతూ మెటీరియల్ ఇంత, లేబర్ ఇంత అంటాడు. కాంట్రాక్టరు రేపు పదిమంది లేబర్ కావాలంటాడు. నష్టపరిహారం కోసం కార్మికుడు లేబర్ ఆఫీసు చుట్టూ, లేబర్ కోర్టు చుట్టూ తిరుగుతాడు. అపార్ట్‌మెంట్ వరండాలో గొంతు పెంచి మాట్లాడిన మనిషిని చూసి చదువుకున్న ఇల్లాలు 'వాళ్ళు లేబరండీ' అని తలుపేసుకుంటుంది. నెలలు నిండిన ఆడదాన్ని ఆసుపత్రిలో లేబర్ రూంలోకి తీసుకెళతారు.

ధర, మంద, సర్కారు శాఖ, తిట్టు, పురుటినొప్పి. ఒక్క మాటకి ఇన్ని అర్థాలు. ఇది భాషకి సంబంధించిన వినోదం కాదు. ఏ అర్థం ఎవరికి దక్కుతోంది, ఏ అర్థం దగ్గర డబ్బూ చట్టమూ ఉన్నాయి, ఏ అర్థం దగ్గర ఒట్టి అవమానమే ఉంది అని అడిగితే మన సమాజంలో ఆడవాళ్ళ స్థానం ఏమిటో ఆ ఒక్క మాటే చెబుతుంది.

నెల్లిమర్లలో ఈ మాట ప్రతి ఇంటికీ తెలుసు. జూట్‌మిల్లు ఊరు అది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల గరువుల్లో పండిన గోగు కోసి, చెరువుల్లో ఊరవేసి, కంపు నీళ్ళలో నడుములోతున నిలబడి నార తీసిన చేతులు ఆడవీ మగవీ రెండూ ఉన్నాయి. ఆ నార మిల్లు గేటు దాటాకే దానిమీద జరిగే పని 'లేబర్' అయింది. గేటు బయట జరిగినదంతా వ్యవసాయం, కుటుంబం, అలవాటు. లాకౌట్లతో ఆ మిల్లు చరిత్ర నిండిపోయింది. 1994 జనవరిలో మిల్లు కోసం ఆందోళన చేస్తున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఐదుగురు చనిపోయారు. నేనప్పటికి బడికి వెళ్ళే పిల్లని. పెద్దయ్యాక పరిశోధన కోసం ఆ వాడల్లో తిరిగినప్పుడు నాకు అర్థమైంది, కార్మికోద్యమం ఆ చావుల్ని సరిగ్గానే గుర్తుపెట్టుకుంది. గుర్తుపెట్టుకోనిది ఇంకొకటుంది. మిల్లు మూసేసిన నెలల్లో ఆ ఇళ్ళల్లో పొయ్యి ఎవరు వెలిగించారు?

ఒక పెద్దావిడ నాతో మాట్లాడుతూ ఒళ్ళో చేట పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది. ప్రశ్నాపత్రంలోని మొదటి ప్రశ్న అడిగాను: మీరేం పని చేస్తారు?

'నాకేటి పనమ్మా, ఇంటికాడే ఉంటాను.'

మరి మిల్లు మూసినప్పుడు?

'మిల్లు మూసీసినప్పుడా? ఇటికిల బట్టీకెల్లీదాన్ని. ఉభాలప్పుడు ఉభాలకెల్లీదాన్ని. పిల్లలికి గెంజి ఎట్టాలి కదా.'

బట్టీ, ఉభాలు, చింతపండు, గంజి. అయినా 'నాకేటి పని' అనే అంది. ఆ వాక్యం ఆవిడ కల్పించుకున్నది కాదు. ఆవిడకి మనం నేర్పినది. జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే ఆడవాళ్ళు 'నాన్ వర్కర్లు'. 2001 జనాభా లెక్కలు గృహిణుల్ని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి ఉత్పాదకత లేని వర్గంలో చేర్చాయని 2010లో సుప్రీంకోర్టే ఒక ప్రమాద పరిహారం కేసులో తప్పుపట్టింది. 2024లో ప్రభుత్వం చేయించిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదే పని చేసే మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. అంటే సర్కారు ఒక చేత్తో ఆడవాళ్ళ పనిని నిమిషాల్లో కొలుస్తుంది, ఇంకో చేత్తో వాళ్ళకి పని లేదని రాస్తుంది.

ఇక లేబర్ రూం సంగతి. ఇంగ్లీషులో కర్మాగారంలో చేసే శ్రమకీ బిడ్డని కనే శ్రమకీ ఒకటే మాట. ఆ భాషవాళ్ళు ఆడవాళ్ళ పట్ల దయతో అలా పెట్టారని కాదు. లాటిన్‌లో ఆ మాటకి శ్రమ, కష్టం, బాధ అని అర్థాలు, ఆ బాధే రెండు చోట్లకీ వెళ్ళింది. ఆ మాటని మనం తెచ్చుకున్నప్పుడు రెండు అర్థాలూ వచ్చాయి కానీ వాటి మధ్య ఉన్న చుట్టరికం రాలేదు. ఒకటి కలెక్టరేట్ వైపు వెళ్ళింది, ఒకటి ఆసుపత్రి వైపు వెళ్ళింది. లేబర్ ఆఫీసరుకి లేబర్ రూం తెలియదు. లేబర్ రూంలో ఉన్న ఆడది లేబర్ ఆఫీసు గడప తొక్కలేదు.

ఒకే ఒక్క సందర్భంలో ఆ రెండు అర్థాలూ కలుసుకోవడం నేను విన్నాను. నెల్లిమర్ల దగ్గరి పల్లెలో ఒక కూలిపని చేసే అమ్మాయి చెప్పింది. నొప్పులు పడుతూ అరిచినందుకు ఆసుపత్రిలో ఒకామె, 'ఈ లేబర్ వాళ్ళతో ఇదే గొడవ' అందట. లేబర్ రూంలో, లేబర్‌లో ఉన్న మనిషికి లేబర్ అనే తిట్టు! కూలి అన్న అర్థమూ తక్కువ కులం అన్న అర్థమూ ఆమెని ఆ బల్ల దాకా వెంబడించాయి. హక్కు అన్న అర్థం మాత్రం ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోయింది.

హక్కు ఎక్కడుందో చూద్దాం. 1961 ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి వేతనంతో కూడిన సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో ఒకటైన సామాజిక భద్రతా కోడ్ అదే కొనసాగించింది. మంచిదే. కానీ ప్రసవానికి ముందు 12 నెలల్లో ఆ యజమాని దగ్గర 80 రోజులు పనిచేసినట్టు రుజువుండాలి. బట్టీలో మొగుడి పేరుమీద ఇద్దరికీ కలిపి అడ్వాన్సు ఇస్తే భార్య పేరు ఏ పుస్తకంలో ఉంటుంది? పలాస జీడిపిక్కల కోసం చేతులు జీడికి కాల్చుకుని పప్పు తీసే ఆడవాళ్ళలో ఎంతమంది చేతిలో నియామక పత్రం ఉంది? మస్టర్ రోల్ మీద పనిచేసే రోజుకూలీ స్త్రీలకి కూడా ప్రసూతి ప్రయోజనం వర్తిస్తుందని 2000లో సుప్రీంకోర్టు ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ కేసులో తీర్పు చెప్పింది. మస్టర్‌లోనే పేరు లేనివాళ్ళకి ఆ తీర్పు ఎలా అందుతుంది?

ఆ మిగిలినవాళ్ళకి ప్రధానమంత్రి మాతృవందన యోజన ఉంది. మొదటి బిడ్డకి 5,000 రూపాయలు. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000. 2013 ఆహార భద్రతా చట్టం తక్కువలో తక్కువ 6,000 రూపాయలు అని రాసింది, పథకం దాన్ని కోసి ఇచ్చింది. ఒక ఆడదానికి 26 వారాల జీతం. ఇంకొక ఆడదానికి 5,000 రూపాయలు, అదీ వాయిదాల్లో. నొప్పులు రెండు రకాలుగా వస్తాయా? పథకం పేరు చూడండి, 'వందన'. జీతం ఇచ్చేచోట దండాలు పెట్టరు. దండం పెట్టేచోట జీతం అడగనివ్వరు.

ఇంకో వింత చూడండి. నిండు గర్భిణిని లేబర్ రూం దాకా వెంట తీసుకెళ్ళే ఆశా కార్యకర్త లేబర్ కాదు, 'వాలంటీరు'. ఆ బిడ్డకి ఆరేళ్ళొచ్చేదాకా గుడ్డూ అన్నమూ చూసే అంగన్‌వాడీ టీచరుకి ఇచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకి దిగారు. 42 రోజులు రోడ్డుమీద కూర్చున్నారు. 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ళమీద ఎస్మా ప్రయోగించింది, అంటే అత్యవసర సేవల చట్టం. వేతనం అడిగితే మీరు ఉద్యోగులు కాదు, సేవకులు. పని ఆపితే మీది అత్యవసర సేవ, ఆపడం నేరం! పనిమనిషిగా ఉన్నప్పుడు పేరు పెట్టరు, పని మానితే శిక్ష వేయడానికి మాత్రం పేరు దొరుకుతుంది. 2022లో వాళ్ళు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కనీసం ఒక కాగితం మీదైనా వాళ్ళ పని పని అయింది.

ఇక్కడ మన కార్మిక సంఘాల మిత్రులు ఒక మాట అంటారు. 'పురుళ్ళు, ఇంటిపని మహిళా సంఘాలు చూసుకోవాల్సిన విషయాలు. లేబర్ ఇష్యూ అంటే వేతనం, బోనసు, లాకౌటు.' నేను దీనితో మర్యాదగా విభేదించడం చాలాకాలం చేశాను, ఇక సూటిగానే చెబుతాను. ఇది వర్గ దృక్పథం కాదు, మిల్లు యజమాని దృక్పథం. గేటు లోపల జరిగేదే శ్రమ అని మొదట గీత గీసింది యజమాని. తెల్లారి షిఫ్టుకి కార్మికుడు కడుపు నింపుకుని, ఉతికిన బట్ట కట్టుకుని వస్తే, ఆ కడుపూ ఆ బట్టా ఎక్కడివో యజమాని అడగడు, ఎందుకంటే అడిగితే డబ్బివ్వాలి. ఆ గీతని సంఘం కూడా ఎందుకు కాపాడాలి? లాకౌటు రోజుల్లో యాజమాన్యం ముందు తలవంచకుండా కార్మికుణ్ణి నిలబెట్టింది భార్య బట్టీకూలి కాదా?

అంబేడ్కర్‌కి ఈ గీత లేదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లు వచ్చినప్పుడు, ప్రసవానికి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దేశ ప్రయోజనమని, ఆ ఖర్చులో ప్రభుత్వమూ పాలు పంచుకోవాలని ఆయన వాదించాడు. తర్వాత 1936లో స్వతంత్ర కార్మిక పార్టీ పెట్టినవాడూ, 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ సభ్యుడైనవాడూ ఆయనే. 'లేబర్' అన్న మాటలోని రెండు గదుల మధ్య తలుపు తెరిచి చూసిన మనిషి మనకి ఉన్నాడు. ఆయన పటం గోడకి తగిలించి ఆ తలుపు మళ్ళీ మూసేశాం.

ఇంకోవైపు నుంచి ఇంకో అభ్యంతరం వస్తుంది. 'ప్రసవం పవిత్రమైనది, దాన్ని శ్రమ అని, హక్కు అని, డబ్బు అని దిగజారుస్తారా?' అని. ఈ పవిత్రత గురించి మాట్లాడేవాళ్ళలో ఎవరూ బిడ్డని కన్న మూడో వారానికి ఉభాలకి వంగలేదు. మాతృత్వానికి ధర కట్టమని మనం అడగడంలేదు. బిడ్డని కన్నందుకు ఆడదాని కూలి పోకూడదు, పని పోకూడదు, ప్రాణం పోకూడదు అంటున్నాం. ఇందులో దిగజారుడు ఎక్కడుంది?

మాటలు మారితే బతుకులు మారతాయా అని పాఠకులు అడగవచ్చు. వాటంతటవే మారవు. కానీ పేరు లేనిదానికి పద్దు రాయరు, పద్దు లేనిదానికి పరిహారం ఇవ్వరు. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వలస కూలీలు. ఆడవాళ్ళూ ఉన్నారు. కాంట్రాక్టరు లెక్కలో వాళ్ళు 'లేబర్ ఇంత' అన్న ఒక్క పద్దు. ఏ పల్లె, ఏ ఇల్లు, ఏ తల్లి అన్నది శిథిలాలు తీశాకగానీ తెలియలేదు.

అందుకే నేననేది, ఈ మాటని మనం వదులుకోకూడదు, మొత్తంగా స్వాధీనం చేసుకోవాలి. ప్రతి కార్మిక సంఘం కోర్కెల పత్రంలో ప్రసూతి ప్రయోజనం, పిల్లల సంరక్షణ కేంద్రం బోనసు పక్కనే ఉండాలి. బట్టీల్లో, జీడి కార్ఖానాల్లో, కట్టడాల దగ్గర ఆడవాళ్ళ పేర్లు విడిగా మస్టర్‌లో ఎక్కాలి, కూలి వాళ్ళ చేతికే రావాలి. లేబర్ శాఖ తనిఖీకి వెళ్ళినప్పుడు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి కావాలి. అసంఘటిత రంగంలోని తల్లికి ఇచ్చేది వందనం కాదు, కనీస వేతనం లెక్కన 26 వారాల కూలి అయివుండాలి. ఆశా, అంగన్‌వాడీల్ని కార్మికులుగా గుర్తించాలి. లేబర్ రూంలో తిట్టడం, కొట్టడం క్రమశిక్షణ కాదు, హక్కుల ఉల్లంఘన అని ఆసుపత్రి గోడమీద తెలుగులో రాసిపెట్టాలి.

మనం మన ఇళ్ళల్లో చేయగలిగింది కూడా ఒకటుంది. 'వాళ్ళు లేబరండీ' అన్న మాట వినబడినప్పుడు ఊరుకోకుండా, 'మనమందరం లేబర్‌లోంచే పుట్టాం కదండీ' అని జవాబు చెప్పడం.

నెల్లిమర్ల పెద్దావిడ దగ్గరికి నేను రెండోసారి వెళ్ళినప్పుడు నా ప్రశ్నాపత్రం మార్చుకుని వెళ్ళాను. మీరేం పని చేస్తారని అడగలేదు. నిన్న తెల్లవారి లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారో చెప్పమన్నాను. నాలుగు గంటలకి నీళ్ళ దగ్గర మొదలుపెట్టి రాత్రి తొమ్మిదింటికి అంట్ల దగ్గర ఆపింది. నేను రాసుకున్న కాగితాలవైపు చూసి, 'ఇంత పని నానే సేసినానా?' అంది.

చేసింది. ఆ లెక్క ఇప్పుడు మన దగ్గరుంది. చెల్లించాల్సినవాళ్ళ ముందు పెట్టడమే మిగిలింది.