మనోవ్యాధికి మందుంది

'మనోవ్యాధికి మందు లేదు' అనే లోకోక్తి తెలుగునాట తరతరాలుగా వినిపిస్తున్నది. దుఃఖితుని పట్ల సానుభూతితో పలికే ఈ మాటే నేడు చికిత్సకు అడ్డుగోడగా నిలుస్తున్నది. జ్వరం వచ్చిన నాడే వైద్యుని ఆశ్రయించేవారు సైతం, మనసు నెలల తరబడి కుంగిపోయినా పదిమందికీ తెలిస్తే పరువు పోతుందని దాచుకుంటున్నారు. ఈ ధోరణి మారవలసి ఉంది.

నిజానికి తెలుగులో 'ఆధివ్యాధులు' అనే జంటపదం కూడా ఉంది. 'ఆధి' అంటే మనోవ్యథ. 'వ్యాధి' అంటే శరీర రుగ్మత. పూర్వులు ఒకే సమాసంలో నిలిపిన ఈ రెండింటికీ గల సంబంధాన్ని ఆధునిక పరిశోధన ధ్రువపరుస్తున్నది.

ఒత్తిడి కలిగినపుడు మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిజాల్ అనే హార్మోన్లను స్రవిస్తాయి. ఆపద సమయంలో ఇవి శరీరాన్ని సన్నద్ధం చేస్తాయి. ఆపద తొలగినా అలజడి తొలగకపోతే ఆ మేలే కీడుగా పరిణమిస్తుంది. నిద్ర చెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది.

1998లో అమెరికాలో వెలువడిన ఒక చిన్న పరిశోధన విద్యార్థులు తెలుసుకోదగినది. దంతవైద్యం చదువుతున్న 11 మందికి అంగిలిపై స్వల్పగాయం చేసి, అది మానే తీరును గమనించారు. వేసవి సెలవులలో చేసిన గాయం కంటే, పరీక్షలకు ముందు చేసిన అంతే గాయం మానడానికి సగటున 40 శాతం ఎక్కువ కాలం పట్టింది. 1993లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు గుండెపోటుకు గురైన 222 మందిని పరిశీలించగా, కుంగుబాటు ఉన్నవారిలో ఆరు నెలలలోపు మరణించే ప్రమాదం అధికమని తేలింది.

'ధైర్యం తెచ్చుకో, అంతా సర్దుకుంటుంది' అని పెద్దలు ఉపదేశిస్తారు. ఆ మాట ఆప్యాయతతో కూడినదే. కాని మధుమేహ రోగికి మందు మాన్పించి ధైర్యవచనాలతో సరిపెట్టేవారు ఎవరూ ఉండరు. కుంగుబాటు వ్యక్తిత్వలోపం కాదు. బలహీనత అంతకన్నా కాదు. అది చికిత్సకు లొంగే వ్యాధి. మాటలతో సాగే మానసిక చికిత్స, అవసరమైనచోట మందులు అనేకులకు స్వస్థత చేకూరుస్తున్నాయి. మానసిక చికిత్స పొందడం పౌరుని హక్కు అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టం చేసింది. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'టెలి మానస్' సేవ 14416 నంబరు ద్వారా తెలుగులోనూ లభిస్తున్నది.

చట్టాలు, సేవలు ఎన్ని ఉన్నా, నోరు విప్పి చెప్పుకొనే చనువు ఇంటిలోను, కళాశాలలోను లేకపోతే అవి నిష్ప్రయోజనం. మార్కులను వారంవారం లెక్కించే కళాశాల, విద్యార్థి నిద్రపోతున్నాడా, భోజనం చేస్తున్నాడా అని కూడా విచారించాలి. రెండు వారాలు గడిచినా దిగులు వీడక, దేనిమీదా ఆసక్తి కలగక మిత్రుడు మౌనం వహిస్తే, సహాధ్యాయులు అతనిని పరిహసించక, వైద్యుని వద్దకు వెంట వెళ్ళాలి. కాలు విరిగిన మిత్రునికి భుజం అందించినంత సహజంగా ఆ పని జరగాలి.