జూలై వస్తే మా ఇంట్లో మనుషుల బేరం

నిన్న రాత్రి భోజనాల దగ్గర మా వారూ, మా అబ్బాయీ కలిసి ముగ్గురు కుర్రాళ్ళని ఇచ్చేసి ఒక ముప్పై నాలుగేళ్ళ పిచ్చర్‌ని తెచ్చుకున్నారు. నేను వంటింట్లోంచి అప్పడాలు వేయించి తెచ్చేలోపు బేరం అయిపోయింది. "ఇంకో కుర్రాణ్ణి కూడా కలిపి ఇచ్చెయ్యొచ్చు, వాడు ఇంకో రెండేళ్ళకి గానీ అక్కరకి రాడు" అన్నారు మా వారు పప్పు కలుపుకుంటూ. మా వాడు ఫోనులో ఏవో లెక్కలు చూసి, "వాడి విలువ ఇప్పుడే ఎక్కువుంది నాన్నా, ఇప్పుడే అమ్మెయ్యాలి" అన్నాడు.

అమ్మెయ్యాలిట! మా వాడికి పదిహేనేళ్ళు. వాడు అమ్మెయ్యమన్న కుర్రాడికి పంతొమ్మిది.

కంగారు పడకండి, ఇది బేస్‌బాల్ గొడవ. మేం న్యూజెర్సీ వచ్చి పద్నాలుగేళ్ళయింది. మా వారు వచ్చిన ఏడాదే న్యూయార్క్ మెట్స్‌ని నెత్తిన పెట్టుకున్నారు. నాకు ఆ ఆట అర్థం కావడానికి మూడు వేసవులు పట్టింది. ఉద్యోగం లేదు, కారు నడపడం రాదు, సాయంత్రం ఏడైతే టీవీలో మెట్స్. అలా అలా నేనూ అభిమానినైపోయాను. కాబట్టి "నీకేం తెలుసు" అని నన్ను పక్కన పెట్టడానికి వీల్లేదు. నాకు తెలుసు. తెలిసే పోట్లాడుతున్నాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్తాను. ఒక్కో టీము ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది. ఆడటానికి సిద్ధంగా ఉండే జాబితాలో 26 మంది ఉంటారు. సీజన్ మధ్యలో ఒక టీము ఇంకో టీముతో ఆటగాళ్ళని మార్చుకోవచ్చు, దాన్నే ట్రేడ్ అంటారు. గడువు జూలై ఆఖరుకో, ఆగస్టు మొదటి రెండు మూడు రోజుల్లోనో పడుతుంది. గెలిచే ఆశ ఉన్న టీములు కొనేవాళ్ళు, ఆశ వదులుకున్న టీములు అమ్మేవాళ్ళు. కొనేవాళ్ళు ఈ రెండు నెలలకీ పనికొచ్చే పేరున్న ఆటగాణ్ణి తెచ్చుకుని, బదులుగా కింది లీగుల్లో పెరుగుతున్న తమ కుర్రాళ్ళని ఇచ్చేస్తారు. వద్దనే హక్కున్న కొద్దిమందిని తప్ప ఎవర్నీ "నీకిష్టమేనా?" అని అడగరు. కబురు అందాక 72 గంటల్లో కొత్త ఊళ్ళో హాజరవ్వాలి. మన ఐపీఎల్ వేలం ఆటలు మొదలవకముందే అయిపోతుంది. ఇక్కడ సంసారం సగంలో ఉండగా మూట కట్టాలి.

ట్రేడ్‌లే వద్దని నేను అనడం లేదు. టీము అన్నాక మార్పులుంటాయి. నా గొడవంతా మన అభిమానులు పట్టుకునే తక్కెడతో. అందులో రెండు బరువులు ఎప్పుడూ వెయ్యరు. ఒకటి ఓపిక, రెండోది మనిషి.

ముందు ఓపిక సంగతి. 2004 జూలై 30న మెట్స్ వాళ్ళు స్కాట్ కజ్మిర్ అనే ఇరవయ్యేళ్ళ పిచ్చర్‌ని టాంపా బే టీముకి ఇచ్చేసి, విక్టర్ జాంబ్రానోని తెచ్చుకున్నారు. ఆ ఏడాది జాంబ్రానో మెట్స్‌కి ఆడింది మూడంటే మూడు ఆటలు. తర్వాత చెయ్యి దెబ్బతింది. కజ్మిర్ 2007లో అమెరికన్ లీగు మొత్తం మీద ఎక్కువ స్ట్రైకౌట్లు చేసినవాడయ్యాడు, ఆ మరుసటేడు టాంపా బేతో వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళాడు.

పోనీ, దెబ్బ తిన్నాక బుద్ధొచ్చిందా? 2021 జూలై 30. తేదీ కూడా మారలేదు చూడండి! ఏడాది ముందు డ్రాఫ్టులో మొట్టమొదట ఎంచుకున్న పీట్ క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్‌ని షికాగో కబ్స్‌కి ఇచ్చేసి హవియెర్ బాయెజ్‌ని, ఇంకో పిచ్చర్‌ని తెచ్చుకున్నారు. క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్‌కి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. కింది లీగులో ఆరు ఆటలు ఆడి భుజానికి దెబ్బ తగిలి కూర్చున్నాడు. ట్రేడ్ రోజున మెట్స్ తమ డివిజన్‌లో మొదటి స్థానంలో ఉన్నారు. సీజన్ అయ్యేసరికి 77 గెలుపులు, 85 ఓటములతో మూడో స్థానంలో తేలారు. బాయెజ్ ఆ చలికాలమే డెట్రాయిట్‌కి వెళ్ళిపోయాడు. క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్ 2025లో కబ్స్ తరఫున ఆల్ స్టార్ ఆటకి ఎంపికయ్యాడు, ఆ ఏడాది 31 హోమ్ రన్లు కొట్టాడు. మా వాడు ఆ హోమ్ రన్లు ఫోనులో చూస్తూ "అబ్బా, వీడు మనవాడే కదా అమ్మా" అని బాధపడతాడు. అవును నాయనా, మనవాడే. రెండు నెలల ముచ్చట కోసం ఇచ్చేసుకున్నాం.

పొరుగింటి పుల్లకూర రుచి అని మనవాళ్ళు ఊరికే అనలేదు. పక్క టీములో ఉన్నవాడి గొప్పలన్నీ కనిపిస్తాయి, మన దగ్గర పెరుగుతున్నవాడి తప్పులన్నీ కనిపిస్తాయి. అయినవాళ్ళకి ఆకుల్లోనూ, కానివాళ్ళకి కంచాల్లోనూ వడ్డించడం జూలై నెలలో ప్రతి టీమూ చేసే పనే. వెనకనుండి కేకలేసి చేయించేది మాత్రం మనమే. పెరుగు తోడుకోకముందే పదిసార్లు మూత తీసి చూసి, తోడుకోలేదేమిటని గిన్నెని తిట్టే రకం.

ఇక్కడ మా వారు అడ్డం పడతారు. "2016లో కబ్స్ అలా చేసే కదా వరల్డ్ సిరీస్ గెలిచారు?" అంటారు. నిజమే. గ్లేబర్ టోరెస్ అనే మంచి కుర్రాణ్ణి, అతనితో పాటు మరికొందరిని యాంకీస్‌కి ఇచ్చి అరోల్డిస్ చాప్‌మన్‌ని తెచ్చుకున్నారు. 108 ఏళ్ళ తర్వాత గెలిచారు. కానీ ఆ ట్రేడ్‌ని సరిగ్గా చూడండి. టోరెస్ షార్ట్‌స్టాప్. ఆ చోట ఆడటానికి కబ్స్‌కి అప్పటికే ఆడిసన్ రసెల్ ఉన్నాడు, బాయెజ్ ఉన్నాడు. టీము డివిజన్‌లో ముందుంది. కావలసింది ఆట చివర్లో వచ్చి నిలబడే పిచ్చర్ ఒక్కడే. ఉన్నదాంట్లో మిగులు ఇచ్చి, లేనిది తెచ్చుకున్నారు. అది ఇల్లు తెలిసిన బేరం. విత్తనాల బస్తా అమ్మి పండక్కి పట్టుచీర కొనుక్కోవడం వేరు. ఈ రెంటినీ ఒకటే అంటే నేను ఒప్పుకోను.

ఇక రెండో బరువు, మనిషి.

2015 జూలై 29 రాత్రి ఆట నేను టీవీలో చూశాను. విల్మర్ ఫ్లోరెస్ అని వెనిజులా కుర్రాడు, 23 ఏళ్ళవాడు. పదహారేళ్ళకే మెట్స్‌తో ఒప్పందం చేసుకుని, ఇంటినీ దేశాన్నీ వదిలి వచ్చినవాడు. ఆట జరుగుతుండగానే అతన్ని మిల్వాకీకి ట్రేడ్ చేశారని వార్త పాకింది. స్టేడియంలో ఉన్న జనం ఫోనుల్లో చూసి, అతను బ్యాటింగ్‌కి రాగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వీడ్కోలు అన్నమాట. అతనికి అలా తెలిసింది. మళ్ళీ ఫీల్డింగ్‌కి వెళ్ళి నిలబడి, చొక్కా చేతులతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. కెమెరాలన్నీ అతని మీదే. నేను సోఫాలో కూర్చుని ఏడ్చాను. మా వారు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, ఇప్పుడడిగితే ఒప్పుకోరు.

తీరా ఆ బేరం కుదరనే లేదు. రెండు రోజుల తర్వాత, జూలై 31న, వాషింగ్టన్ మీద పన్నెండో ఇన్నింగ్స్‌లో అదే ఫ్లోరెస్ హోమ్ రన్ కొట్టి ఆట గెలిపించాడు. చొక్కా మీది మెట్స్ పేరుని పట్టి లాగి చూపిస్తూ పరుగెత్తుకొచ్చాడు. ఆ రోజే మెట్స్ వాళ్ళు డెట్రాయిట్ నుంచి యోయెనిస్ సెస్పెడెస్‌ని తెచ్చుకున్నారు. అతను మిగిలిన సీజన్లో 17 హోమ్ రన్లు కొట్టి టీముని ఎక్కడికో తీసుకెళ్ళాడు. వరల్డ్ సిరీస్‌లో కాన్సాస్ సిటీ చేతిలో ఓడిపోయామనుకోండి. బదులుగా ఇచ్చిన మైకేల్ ఫుల్మర్ మరుసటేడు అమెరికన్ లీగులో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. అయినా ఆ ట్రేడ్‌ని నేను తప్పు పట్టను. సెస్పెడెస్ లేకపోతే అంత దూరం వెళ్ళేవాళ్ళం కాదు. చూశారా, నేనేం మొండిదాన్ని కాదు.

కానీ ఆ వారమంతా మనం మాట్లాడిన భాష ఏమిటి? "చిప్", "ఆస్తి", "రెంటల్". రెండు నెలలకి తెచ్చుకున్న మనిషిని అద్దె సైకిలు అన్నట్టు రెంటల్ అంటారు. కొందరిని సీజన్లో అయిదుసార్ల దాకా కింది లీగుకి పంపి మళ్ళీ పైకి పిలవొచ్చు. 2022కి ముందు ఆ అయిదనే హద్దు కూడా లేదు. మెట్స్ కింది టీము సిరక్యూస్‌లో ఉంది, కారులో వెళ్తే నాలుగు గంటల పైమాటే. ఇవాళ క్వీన్స్, ఎల్లుండి సిరక్యూస్. ఆ ఇల్లు ఎవరు సర్దుతున్నారు? ఇంటి అద్దెలు, పిల్లల డాక్టరు, బడి, పాలు, చెత్త డబ్బా ఏ రోజు బయట పెట్టాలో కొత్త ఊళ్ళో మళ్ళీ తెలుసుకోవడం, ఇవన్నీ ఎవరు చేస్తున్నారు? ఏ ట్రేడ్ విశ్లేషణలోనూ ఆవిడ పేరు ఉండదు.

ఆవిడ పేరు వచ్చిన ఒకే ఒక్క కథ నాకు తెలుసు, అదీ నింద వెయ్యడానికే. 1977లో టామ్ సీవర్, మెట్స్ చరిత్రలోనే పెద్ద పిచ్చర్, జీతం విషయంలో యాజమాన్యంతో గొడవ పడుతున్నాడు. న్యూయార్క్ డైలీ న్యూస్‌లో డిక్ యంగ్ అనే పేరుమోసిన కాలమిస్టు, నోలన్ రయాన్‌కి ఎక్కువ జీతం రావడం సీవర్‌కి మింగుడుపడటం లేదని, వాళ్ళిద్దరి భార్యలూ స్నేహితులు కావడమే అందుకు కారణమని రాశాడు. భార్యని బజారుకి లాగాక సీవర్ ఇంక ఆగలేదు. కుదరబోతున్న ఒప్పందాన్ని కాదని, నన్ను పంపించెయ్యండన్నాడు. జూన్ 15న అతన్ని సిన్సినాటికి ఇచ్చేశారు. ఆ ఏడాదీ, తర్వాత రెండేళ్ళూ మెట్స్ డివిజన్‌లో అట్టడుగున ఉన్నారు.

"కోట్లు తీసుకుంటున్నారు, ఆ మాత్రం కష్టపడలేరా?" ఇది అందరూ అనే మాట. కోట్లు తీసుకునేవాడు ట్రేడ్‌లో ఒక వైపే ఉంటాడు. రెండో వైపు ఉన్న ముగ్గురు కుర్రాళ్ళ సంగతేమిటి? పై లీగుకి ఒక్క మెట్టు కింద ఆడేవాళ్ళకి కూడా 2023 ఒప్పందం ప్రకారం మొదలయ్యే జీతం ఏడాదికి 35,800 డాలర్లు. అదీ సంఘం పెట్టుకున్నాకే వచ్చింది. ఇంకా కింద ఆడేవాళ్ళకి అంతకంటే తక్కువ. ట్రేడ్ వద్దనే హక్కు అందరికీ ఉన్నది పదేళ్ళు పెద్ద లీగులో ఆడి, అందులో చివరి అయిదేళ్ళు ఒకే టీములో ఉన్నవాళ్ళకి. ఆ మాత్రమైనా ఊరికే రాలేదు. 1969లో కర్ట్ ఫ్లడ్‌ని పన్నెండేళ్ళు ఆడిన సెయింట్ లూయిస్ నుంచి ఫిలడెల్ఫియాకి ట్రేడ్ చేస్తే, నేను కొనడానికీ అమ్మడానికీ సొత్తుని కానని చెప్పి కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీం కోర్టులో ఓడిపోయాడు. ఆట పోయింది, డబ్బు పోయింది. ఆ హక్కు తర్వాతివాళ్ళకి దక్కింది.

నాకెందుకింత మంట అంటే చెప్తాను. మా నాన్నగారిది బ్యాంకు ఉద్యోగం. మూడేళ్ళకో ట్రాన్స్‌ఫర్. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అర్ధ సంవత్సరం పరీక్షలకి పది రోజుల ముందు తణుకు నుంచి అనకాపల్లి మారాం. నాన్నగారికి ప్రమోషన్, అందరూ అభినందించారు. అమ్మ ఆవకాయ జాడీలకి గుడ్డలు కట్టి, గడ్డి పెట్టి, చెక్కపెట్టెల్లో సర్దింది. కొత్త ఇంట్లో మూడు వారాలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ ప్రమోషన్ మంచిదా కాదా అని లెక్క వేసినప్పుడు అమ్మ మూడు వారాల మౌనాన్ని ఎవరూ కలపలేదు.

ఇప్పుడు మా వారికి డల్లాస్‌లో ఉద్యోగం వచ్చేట్టుంది. నవంబరులో చేరాలట. మా వాడి స్కూలు సంవత్సరం మధ్యలో. డైనింగ్ టేబుల్ మీద ఒక కాగితం పెట్టి జీతం, ఇంటి వాయిదా, పన్ను అన్నీ గళ్ళు గీసి రాశారు. చూశాను. నా గడి లేదు, పిల్లాడి గడి లేదు.

అందుకని నిన్న అప్పడాల పళ్ళెం అక్కడ పెట్టి చెప్పాను. ట్రేడ్ మాట్లాడండి, కానీ మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాకే. ఇచ్చేది మిగులా, విత్తనమా? తెచ్చుకునేవాడు మనకున్న లోటు నిజంగా తీరుస్తాడా, లేక ఊరికే పేరు చూసి మోజుపడుతున్నామా? వెళ్ళేవాడు ఏం వదులుకుని వెళ్తున్నాడు? మూడో దానికి జవాబు తెలిసినా బేరం ఆగక్కర్లేదు. తెలిసి చెయ్యండి, అంతే.

మా వాడు కాసేపు ఊరుకుని, "మరి డల్లాస్‌కి కూడా ఈ మూడు ప్రశ్నలే అడగాలా అమ్మా?" అన్నాడు. మా వారు పెరుగన్నంలోకి తల వంచుకున్నారు. ఆ కాగితం ఇంకా టేబుల్ మీదే ఉంది. ఈ పొద్దున్న దాని మీద ఇంకో రెండు గళ్ళు నేనే గీసి పెట్టాను. ఏం రాస్తారో చూడాలి.