ఎక్స్ లేకపోతే మార్కు లేదా?

ఆస్టినాబాద్‌లో అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఏడో తరగతి చదివే మా మేనకోడలు నోట్‌బుక్ తెచ్చి నా ముందు పడేసింది. "మామయ్యా, ఆన్సర్ కరెక్టే. మార్కు ఎందుకు రాలేదు?"

లెక్క ఇది. ఒకామె తన కొబ్బరికాయల్లో మూడో వంతు మొదటి రోజు అమ్మింది. మిగిలిన వాటిలో సగం రెండో రోజు అమ్మింది. పక్కింటివాళ్లకు 4 ఇచ్చింది. ఇంకా 10 ఉన్నాయి. మొదట ఎన్ని ఉండేవి?

అమ్మాయి చివరి నుంచి మొదలుపెట్టింది. ఇచ్చిన 4 వెనక్కి తెస్తే 14. అది సగం కాబట్టి అంతకుముందు 28. మూడో వంతు పోగా ఉన్నవి 28 అంటే మూడింట రెండు వంతులు. ఒక్కో వంతు 14, మొత్తం 42. కింద ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న: ఎక్స్ ఏది?

ఈ పద్ధతిని అడ్డదారి అనుకునేవాళ్లు ఆర్యభటుణ్ణి గుర్తుచేసుకోవాలి. క్రీ.శ. 499 నాటి 'ఆర్యభటీయం'లోనే ఈ విలోమ విధి ఉంది: వెనక్కి వెళ్లేటప్పుడు గుణకారం భాగహారమవుతుంది, కూడిక తీసివేత అవుతుంది. 'మిగిలిన దానిలో ఇన్నో వంతు' తరహా లెక్కలకు 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు శేషజాతి అని విడిగా పేరే పెట్టాడు. ఆయన 'గణితసార సంగ్రహం' పావులూరి మల్లన చేతిలో తెలుగు పద్యాలైంది.

అసలు చిక్కు ఎక్స్‌లో లేదు, 'మిగిలిన' అన్న మాటలో ఉంది. అదే పేజీలో పిల్ల కొట్టేసిన మొదటి ప్రయత్నం చూశాను. సగాన్ని మొత్తంలో సగంగా తీసుకుంది. మూడో వంతు, సగం కలిపితే ఆరింట అయిదు. మిగిలిన ఆరో వంతు 14 కాబట్టి 84 అని వేసింది. సరిచూసుకుంటే చివర 10కి బదులు 24 వచ్చాయి. అప్పుడు మళ్లీ చదివింది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు నడిచే అండమాన్ పిల్లలకు 'రిమైనింగ్' అన్న ఒక్క మాట దాటిపోవడం వింతేమీ కాదు. ఎక్స్ రాసినా ఆ తప్పు తప్పుగానే ఉండేది. ఇంకా చక్కగా, వరసగా ఉండేది.

అలాగని టీచరుదీ పూర్తిగా తప్పనను. ఏడో తరగతిలో సమీకరణాలు నేర్పాలి, తేలిక లెక్కల మీద చేయి తిరగాలి. పైగా బీజగణితం వెనకనడక చూపనిది చూపిస్తుంది. మొత్తం ఎక్స్ అనుకుంటే రెండో రోజు అమ్మినది, మూడింట రెండు వంతుల్లో సగం, అంటే మళ్లీ ఎక్స్‌లో మూడో వంతే. రెండు రోజులూ సమానంగా అమ్మిందన్నమాట! 28, 14 అని అంకెలు రాసుకుంటూ పోయిన మేమిద్దరం అది గమనించలేదు.

నా అభ్యంతరం ఒక్కటే. 'సమీకరణంతో సాధించండి' అని ప్రశ్నలో అడగనప్పుడు, సరైన దారిలో వచ్చి సరిచూసుకున్న జవాబుకు మార్కు కోయడం అన్యాయం. ఎక్స్ అవసరం పిల్లకు తెలియాలంటే వెనకనడక ఆగిపోయే లెక్క ఇవ్వాలి. 1150 నాటి భాస్కరాచార్యుని 'లీలావతి'లోనే ఒకటుంది. తేనెటీగల గుంపులో అయిదో వంతు ఒక పువ్వు మీదికి, మూడో వంతు ఇంకో పువ్వు మీదికి వెళ్లాయి. ఆ రెండింటి తేడాకు మూడు రెట్లు మరో పువ్వుకు. ఒక్కటి మిగిలింది. ఇక్కడ వంతులన్నీ మొత్తంలోనివే. ఒక్కటి దగ్గర నిలబడి వెనక్కి అడుగేద్దామంటే పట్టు దొరకదు.

మేనకోడలికి ఆ లెక్కే ఇచ్చాను. కాసేపు వెనక్కి పోవాలని చూసి వదిలేసింది. తర్వాత "30 అనుకుందాం" అంది. 6, 10, తేడా 4కి మూడు రెట్లు 12, కలిపితే 28. మిగిలినవి 2. "ఒక్కటే మిగలాలిగా, అయితే 15" అంది. భాస్కరుడు ఇష్టకర్మ అన్నది ఇదే.

ఎక్స్ మాత్రం ఇంకా రాయలేదు.